హట్ పుస్తకంలో ఇద్దరు

"తాడేదీ?"

జలపాతం హోరులోంచి ఆ పిల్ల అరిచింది ఆ మాటేనని సెల్విన్ ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెప్పగలడు. నీళ్ళు నిలువునా నలభై అడుగులు దూకి బండ మీద పడి, పక్కన ఎవరేం మాట్లాడినా నానబెట్టి ఉతికి పిండేస్తున్నాయి. పైగా ఆయన కుడి చెవి, రంగు చిమ్మే మిషను పక్కన ముప్ఫయ్యేళ్ళు దుకాణాల బోర్డులు రాసిన చెవి, తనకి నచ్చిన మాటలే వింటానని ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. అరిచిన పిల్ల పేరు మెరియానా. కింద లోయలో, కొండెక్కేవాళ్ళు రాత్రిళ్ళు తలదాచుకునే హట్‌కి ఈ వేసవి వార్డెను. చొక్కా జేబు మీద పేరు కుట్టి ఉంది. గంటన్నర దారిని ముప్పావుగంటలో మింగేసి ఆయన వెనకాలే ఎక్కొచ్చినట్టుంది, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి రొప్పుతోంది.

"తాడా? అది కింద కార్లోనే ఉండిపోయింది!"

"కార్లోనా? మరి పుస్తకంలో సరస్సుకని రాశారు?"

"తాడు సంగతి పుస్తకంలో నేనెందుకు రాస్తానమ్మాయ్?"

"ఏం, ఒంట్లో బాలేదా?"

"పాతదైపోయింది తల్లీ! ఎక్కడికక్కడ పీచులేచిపోయింది. ఈ మాత్రం కొండకి అదెందుకులెమ్మని డిక్కీలో పడేసొచ్చా!"

మెరియానా నోరు తెరుచుకుంది. రెండడుగులు వెనక్కి వేసింది. మళ్ళీ ఏమనుకుందో ఏమో, నాచు పట్టిన రాళ్ళ మీదుగా ఆయన పక్కకొచ్చి, టోపీ అంచు పైకెత్తి, ఎడమ చెవిలో ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.

"తాడు కాదు బాబాయ్. తోడు. మీ ఆవిడ. గ్లెనిస్ గారు. గ్లెనిస్ గారేరీ?"

ఆ పేరు ఎడమ చెవిలో దూరి ఎక్కడా ఆగలేదు. మెదడు దగ్గర ఆగి, నేను ఫలానా అని చెప్పుకుని లోపలికి పోవాలి కదా, చెప్పుకోలేదు. గొంతులోంచి గుండెలోకి, గుండెలోంచి పొట్టలోకి, పొట్టలోంచి మోకాళ్ళలోకి జారి, చివరికి బూట్లలో చేరి అక్కడ తడిసిన ఉన్నిలా బరువుగా కూర్చుంది. పదకొండు నెలలుగా ఆయన ముందు ఎవరూ పైకి అనని పేరు. చెల్లెలు అనదు, పక్కింటివాళ్ళు అనరు, రంగుల కొట్టువాడు కూడా 'ఇంట్లో' అని మొదలుపెట్టి మింగేసి తార్పాలిన్ ధర చెబుతాడు. అందరూ కలిసి ఆ పేరు మీద దుప్పటి కప్పారు, ఆయన కూడా ఒక అంచు పట్టుకున్నాడు. ఇప్పుడీ పిల్ల, నిన్నగాక మొన్న బళ్ళోంచి బయటపడ్డట్టున్న పిల్ల, ఆ దుప్పటి ఒక్క లాగు లాగేసింది. ఈ పిల్లకి ఆ పేరెలా తెలుసు? "పుస్తకంలో ఇద్దరని రాశారుగా," అంటోంది మెరియానా. "నేను కట్టెల షెడ్డులోంచి చూస్తే మీ ఒక్కరి వీపే కనబడింది. మధ్యాహ్నానికి వాయవ్యం నుంచి గాలివాన దిగుతోంది బాబాయ్, ఏరు పొంగితే దాటలేరు, అందరికీ చెప్పమని రేడియోలో చెప్పారు. ఆవిడెక్కడ?" ఇక్కడ ఒక్క వాక్యం చాలు. చిన్న వాక్యం. మూడు మాటలకి మించదు. సెల్విన్ నోరు తెరిచాడు, జలపాతం తుంపర లోపలికెళ్ళింది, వాక్యం బయటికి రాలేదు. దాని బదులు కుడి చెయ్యి లేచింది. ఎవరు లేపమన్నారు? చూపుడువేలు చాచి, అడవిలోంచి పైకి, సరస్సు వైపు చూపించింది. "ముందెళ్ళారా?" అంది పిల్ల. తల ఊగింది. దాన్నీ ఎవరూ ఊగమనలేదు. "అమ్మయ్య. ఇద్దరూ ఒంటిగంటకల్లా కింద ఉండాలి, సరేనా?" అని, ఇంకా ఏదో చెప్పింది, దాన్ని నీళ్ళు తినేశాయి, రేడియో అన్న ముక్క ఒక్కటే చెవిన పడింది. చెయ్యి ఊపి, వచ్చిన దారినే మేకపిల్లలా గెంతుకుంటూ దిగిపోయింది.

రాశానా? నేనా? సెల్విన్ నడుస్తున్నాడు, నడుస్తున్నట్టు తెలియకుండా. ఇక్కణ్ణించి దారి నిలువు. దారి అనడం కూడా మర్యాదకే. చెట్ల వేర్లు ఒకదాని మీదొకటి పడి నిచ్చెనలా కొండకి చేరగిలబడ్డాయి, అంతే. అడుగడుక్కీ వేర్లు, పట్టుకోడానికి వేర్లు, తన్నుకోడానికి వేర్లు, ఎక్కేవాడికి వేరే దారి లేదు. రాశాను కాబోలు. ఏడు గంటలకి హట్‌లో ఎవరూ లేరు. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది, కిటికీ అద్దానికి లోపలివైపు ఇసుక ఈగలు అతుక్కుని ఉన్నాయి, బల్ల మీద పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. పేరుకి హట్ గానీ వచ్చినవాళ్ళని ఎవర్నీ హట్ అనదు, ఒక్కటే అడుగుతుంది: పోతూ పోతూ పుస్తకంలో రాసిపో. తేదీ, పేర్లు, ఎంతమంది, ఎక్కడికి, ఏమైనా చెప్పదలిస్తే చివర్న అదీ. నువ్వు దిగిరాకపోతే వెతికేవాళ్ళు మొట్టమొదట తెరిచేది ఆ పేజీయే కనక అక్కడ తప్పు రాయకూడదని ఈ కొండల్లో నడక నేర్చిన ప్రతివాడికీ తెలుసు. సెల్విన్ రాశాడు. రాస్తూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, మబ్బు ఎటు పోతోందా అని. చెయ్యి దాని పని అది చేసుకుంది. ముప్ఫయ్యేళ్ళు 'తాజా' అని రాసి రాసి, ఆ మాట రాయడానికి కళ్ళు అక్కర్లేని చెయ్యి అది. అలాగే ఈ కొండల్లో ఉన్న ప్రతి హట్‌లోనూ ముప్ఫయ్యొక్క వేసవుల పాటు ఒకే వరస రాసిన చెయ్యి. సెల్విన్, గ్లెనిస్. ఎంతమంది: ఇద్దరు. ఇప్పుడు నడుస్తూ ఆ పేజీని కళ్ళకి తెచ్చుకుంటే కనిపిస్తూనే ఉంది, నల్లగా, నిటారుగా, దుకాణం బోర్డు మీదంత అందంగా. ఒక వేరు పట్టుకుని నిలబడ్డాడు.

చెట్టుకి కొట్టిన నారింజరంగు త్రికోణం ఆయన్నే చూస్తోంది. ఇటే, ఇటే, అంటోంది. ఇవి బీచ్ చెట్లు. చెట్టుకీ చెట్టుకీ మసి పూసినట్టు నల్లటి బూజు, దాంట్లోంచి తేనెబొట్లు, వాటి చుట్టూ కందిరీగలు. 'బీచ్ అంటే సముద్రం దగ్గరుండాలి గదా, ఇవి తప్పిపోయి కొండెక్కాయి పాపం' అని ఆయన ప్రతి ఏడూ ఈ వంపులోనే అనేవాడు, గ్లెనిస్ ప్రతి ఏడూ ఈ వంపులోనే నవ్వేది కాదు. నవ్వకపోవడమే ఆవిడ వంతు. ఆవిడ నవ్వకుండా ఉంటే ఆయనకి ఇంకో జోకు పుట్టేది. రెండు చెకుముకి రాళ్ళలా అలా రాసుకుంటూ ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఇద్దరూ కొండలెక్కారు. పోయిన ఫిబ్రవరిలో ఆవిడ దీపం ఒక్కటే కొండెక్కింది. చూశావా, అది కూడా మాటల గారడీయే. లోపల కూడా సూటిగా అనడం రాదు. దిగిపోవాలి. ఇప్పుడే వెనక్కి తిరిగి, ఆ పిల్ల వెంటపడి, అమ్మాయ్, ఆగు, నేను అబద్ధం చెప్పాను, కాదు, నా వేలు చెప్పింది, అనాలి. అంటే ఏమంటుంది? మరి ఆవిడెక్కడ అంటుంది. అప్పుడు ఆ వాక్యం చెప్పాలి. బూట్లు వెనక్కి తిరగలేదు. పైకే పోతున్నాయి.

ఎంతకని చెబుతాడు అబద్ధాలు? పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి అమ్మాయి ఫోన్ చేసింది, గ్లెనిస్ గారి ఆర్నెల్ల పరీక్ష గడువు దాటిపోయిందండీ, ఎప్పుడొస్తారు? ఊళ్ళో లేదండీ అన్నాడు. లైబ్రరీ నుంచి చీటీ వచ్చింది, తోటపని పుస్తకం తిరిగి ఇవ్వలేదని. ఇంకా చదువుతోంది అని రాసి పంపాడు. అంత్యక్రియల్లో చెల్లెలు మాట్లాడింది, పేపర్లో ప్రకటన చెల్లెలే వేసింది, ఆయన సూటు వేసుకుని, వచ్చినవాళ్ళ చేతులు ఊపుతూ 'వాన రాకపోవడం అదృష్టం' అన్నాడు. అందరితోనూ అదే. వాన గురించి అంత మాట్లాడినవాడు ఆ జిల్లాలో ఇంకోడు లేడు. ఆ రోజు ఆయన నిచ్చెన మీద ఉన్నాడు. చేపల వేపుడు కొట్టు బోర్డు. నీలం నేల మీద తెల్ల అక్షరాలు. జేబులో ఫోన్ మోగింది, కుంచె చివర్లో ఒక అక్షరం సగంలో ఉంది, దాన్ని ఆపితే అంచు ఎండిపోతుంది కనక మూడుసార్లు మోగనిచ్చాడు. మూడుసార్లు. నాలుగోసారి ఎత్తితే ఆస్పత్రి నుంచి ఎవరో నెమ్మదైన గొంతు. మీరు కింద కూర్చుని ఉన్నారా అండీ? లేదండీ, పైన నిలబడి ఉన్నాను, అన్నాడు. జోకు! ఆ గొంతు కిందికి దిగమంది, దిగాడు, తర్వాత చెప్పింది. తలలో నరం చిట్లిందట, నిమిషాల్లో అయిపోయిందట. ఆ అక్షరం ఇప్పటికీ సగంలోనే ఉంది. కొట్టువాడు అడగలేదు, ఆయన పూర్తిచెయ్యలేదు, జనం ఆ సగం అక్షరం కిందే చేపలు కొనుక్కుపోతున్నారు.

ముందెళ్ళారా, అంది పిల్ల. నిజానికి ఎప్పుడూ ముందే వెళ్ళేది. పొట్టి కాళ్ళు, ఆగని కాళ్ళు. ఆయన వంపు తిరిగేసరికి ఆవిడ ఏ పడిపోయిన మాను మీదో కూర్చుని, దారిలో నమలడానికి తెచ్చుకున్న గింజల సంచిలోంచి చాక్లెట్ ముక్కలన్నీ ఏరుకు తినేసి, ఎండుద్రాక్షలు ఆయనకి మిగిల్చేది. ఏమిటిది అంటే, నువ్వు నెమ్మదిగా వచ్చావు, చాక్లెట్ ఆగలేదు, అనేది. ఈ వంపు తిరిగితే ఆ మాను ఉంటుంది. సెల్విన్ అడుగు పెరిగింది. పెరుగుతోందని తెలిసి సిగ్గేసింది, తగ్గించలేదు. ఎవరో అడిగారు, వేలు చూపించింది, పుస్తకంలో ఉంది, ముగ్గురు సాక్షులు చాలరా? ప్రపంచంలో ఒక చోట, రాతపూర్వకంగా, పెన్సిలుతో, ఇవాళ్టి తేదీ వేసి, గ్లెనిస్ ఈ కొండ మీద ఉందని ఉంది. వార్డెను చదివింది, నమ్మింది. నేనొక్కణ్ణీ నమ్మకపోతే ఎలా? వంపు తిరిగాడు. మాను వెనక నీలం. నీలం! ఆవిడ వానకోటు నీలం! చేతులతో వేర్లు పట్టుకుని నాలుగు కాళ్ళ మీద పాకినట్టు ఎక్కాడు. పుట్టగొడుగు. నాచులోంచి తల ఎత్తిన ఒక్క పుట్టగొడుగు, వేలెడంత, ఆకాశంలో ముంచి తీసినట్టు నీలంగా. దాని పక్కన కూర్చుండిపోయాడు. బూడిదరంగు రాబిన్ పిట్ట ఒకటి గెంతుకుంటూ వచ్చి ఆయన బూటు లేసుని పురుగనుకుని లాగింది, కాదని తెలుసుకుని, ఇంత పెద్దవాడివి ఇదేం మోసం అన్నట్టు తల వంచి చూసింది.

సంచి దించి నీళ్ళ సీసా కోసం చెయ్యి పెడితే రెండు తువాళ్ళు తగిలాయి. తనది గళ్ళది, ఆవిడది పసుపుది. కింద రెండు రేకు కప్పులు. అంటే పుస్తకంతో మొదలవలేదన్నమాట, పొద్దున ఇంట్లోనే మొదలైంది. ఈ చెయ్యి పదకొండు నెలలుగా ఇంకా ఏమేం చేస్తోందో ఆయనకేం తెలుసు? ప్రతి జనవరిలో, ఇక్కడి నడివేసవిలో, పైకొచ్చి, గ్లెనిస్ ఆ మంచునీళ్ళ సరస్సులో నిలువునా ఒక్క మునక వేసి, లోయ అదిరేలా కేక పెట్టి, పరుగెత్తుకొచ్చేది. ఆయన ఒడ్డున పసుపు తువాలు చాచి పట్టుకుని, 'సరస్సులో సరసాలు ఈ వయసులో వద్దన్నానా' అనేవాడు. దిగేటప్పుడు హట్‌లో మళ్ళీ ఆగి, పొద్దున పుస్తకంలో ఆయన రాసిన జోకు కింద ఆవిడ తన వరస రాసేది. ఎప్పుడూ ఒకటే వరస. ఎలకలున్న హట్‌లో ఆయన 'రాత్రంతా కలలు రాలేదు, ఎలకలొచ్చాయి' అని రాస్తే, ఆవిడ కింద, గుండ్రటి అక్షరాలతో: ఈయన మాటలు నమ్మకండి. కప్పు కారే హట్‌లో, చిమ్నీ కూలిన హట్‌లో, ఎక్కడైనా: ఈయన మాటలు నమ్మకండి. ఇవాళ ఏం రాశాడు? అదీ గుర్తొచ్చింది. 'ఎక్కడికి అని అడిగితే ఎక్కడానికే అని చెప్పండి.' దాని కింద, అడక్కుండానే, చెయ్యి ఒక వరస ఖాళీ వదిలింది.

లేచాడు. ఇంకో పావుగంట ఉంది అడవి అంచుకి. నడుస్తూ ఆ వాక్యాన్ని పలికి చూడాలనుకున్నాడు, పైకి చేరేలోపు నోటికి అలవాటు చేస్తే దిగేటప్పుడు ఆ పిల్లతో అనొచ్చు. గ్లెనిస్ లేదు. ఛ, లేదంటే పక్కగదిలో ఉందేమో అనుకుంటారు. గ్లెనిస్ పోయింది. పోతే వస్తుందిగా, బజారుకి పోయినా పోయిందనే అంటాం. వెళ్ళిపోయింది. అది మరీ అన్యాయం, అలిగి పుట్టింటికి పోయినట్టు. ప్రతి మాటకీ వెనక ఒక తలుపుంది, ఏ మాట పట్టుకున్నా ఆ తలుపు తీసుకుని గ్లెనిస్ బయటికి నడిచొచ్చేస్తోంది. తలుపులేని మాట ఒక్కటే ఉంది. దాన్ని పళ్ళ దాకా తెచ్చి, మళ్ళీ మింగాడు. పైన ఆకుల్లో గాలి మారింది, అప్పుడే. చెట్లు పొట్టివైపోతున్నాయి, కొమ్మలకి గడ్డాల్లాగా నాచు వేలాడుతోంది, ఆ గడ్డాల మధ్య తెల్లటి వెలుతురు కనబడుతోంది. ఆ వెలుతురులోంచి ఎవరో పిలిచారు.

"గ్లెనిస్!"

నిలువునా ఆగిపోయాడు. నా తలలోదే అనుకున్నాడు. ఇంతసేపూ పిచ్చిగా ఆ పేరునే నములుతుంటే చెవి దాన్ని ఉమ్మేసిందనుకున్నాడు. మళ్ళీ పిలిచారు, మగగొంతు, ముసలిగొంతు, ఆయనది కాదు. "గ్లెనిస్! గ్లె-నిస్!" అవతల కొండ ఆ పేరు తీసుకుని, తిప్పి చూసి, తిరిగి విసిరింది: నిస్... నిస్... తానూ, చెల్లెలూ, ఊరూ కలిసి పదకొండు నెలలు నేల కింద దాచిన పేరుని ఎవరో ఆకాశమంత గొంతుతో అరుస్తున్నారు, కొండ కూడా అరుస్తోంది, పిలిస్తే పలుకుతుందన్న నమ్మకంతో అరుస్తున్నారు. ఆ నమ్మకమే ఆయన్ని కొట్టింది. అడవి అంచు దాటి, మోకాళ్ళెత్తు గడ్డిలోకి పరుగెత్తాడు. కెటిల్ సరస్సు. నల్లగా, పలకలా, అంచుల్లో పొగ. ఒడ్డున సగం కప్పు విప్పిన చిన్న షెల్టరు, ఒక నిచ్చెన, సుత్తులు, బాగుచెయ్యడానికొచ్చిన కొండనడక క్లబ్బువాళ్ళు. ఛాతీ మీద రేడియో కట్టుకున్న డెబ్భయ్యేళ్ళ మనిషి ఒక రాతి మీద నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి పిలుస్తున్నాడు. సరస్సులోంచి ఏరు మొదలయ్యే మూల దుంగలు తేలుతున్నాయి, ఆ దుంగల మధ్య మెడ దాకా నీళ్ళలో ఒక ఆడమనిషి తల.

"నువ్వేనా సెల్వినూ?" రాతి మీంచి ఆ ముసలాయన అరిచాడు. "నా పేరు బెవన్. కింద నుంచి పిల్ల రేడియోలో చెప్పింది, మీ ఆవిడ ముందొస్తోంది, ఆపి ఉంచండి అని. ఆవిడ పైకి రాలేదయ్యా! ఆరున్నర నుంచీ ఈ దారి మొగలోనే సుత్తులు కొడుతున్నాం, మమ్మల్ని దాటి గొంగళిపురుగు కూడా రాలేదు! చివరిసారి ఎక్కడ చూశావ్?"

చివరిసారి. వంటింట్లో. మాడిన రొట్టె ముక్కని కత్తితో గీరుతూ, ఇటు తిరక్కుండా, రంగుబట్టలతో సోఫాలో కూర్చోకు అంది. అది చివరిసారని ఎవరు చెప్పారు?

"ఆ నీళ్ళలో ఎవరు?" అన్నాడు సెల్విన్.

"మా నైరీ. దుంగల కింద తెల్లగా ఏదో ఆడుతోందని దూకేసింది, చెబితే వినే రకమా అది! అక్కడ నీళ్ళు కిందికి లాగుతాయి."

సంచి పడేసి, రాళ్ళ మీద తూలుకుంటూ, బూట్లతోనే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాడు. చలి ఎముకని పట్టుకుని కొరికింది.

"బయటికి రండి! ఆవిడ అక్కడ లేదు!"

"లేదనేగదయ్యా చూస్తున్నా!" దుంగల మధ్యనుంచి పళ్ళు టకటకలాడే గొంతు.

"అసలు లేదు! పోయింది!"

"ఎటు పోయింది? ఎటో చెప్పి చావరాదూ!"

"చచ్చిపోయింది!" అన్నాడు సెల్విన్. "చచ్చిపోయింది! పోయిన ఫిబ్రవరిలో! నా భార్య చచ్చిపోయింది!"

అవతల కొండ ఆ మాట తీసుకుంది. ఈసారి తిప్పి చూడలేదు. పోయింది, పోయింది, పోయింది అని మూడుసార్లు, ఒక్కోసారికీ కాస్త మెత్తగా, ఆయనకే తిరిగిచ్చింది. తలుపులేని మాట. అది బయటికొచ్చాక లోపల ఎంత జాగా ఉందో చూసి ఆయనకే భయమేసింది. తర్వాత నైరీ నెమ్మదిగా దుంగ పట్టుకుని, రాయి పట్టుకుని, చివరికి సెల్విన్ చాచిన చెయ్యి పట్టుకుని ఒడ్డుకొచ్చింది. అరవై దాటిన మనిషి, ఉన్ని బనీనూ నిక్కరూ ఒంటికి అతుక్కుని, పెదవులు నేరేడుపళ్ళయ్యాయి. రెండో చేతిలో చిరిగిన తెల్ల పట్టా ముక్క ఉంది, వాళ్ళ షెల్టరు కప్పుదే.

"పోయిన ఫిబ్రవరిలోనా?" అంది. "ఇప్పుడా నాయనా చెప్పడం?"

సెల్విన్ సంచిలోంచి పసుపు తువాలు తీశాడు. చాచి పట్టుకున్నాడు, చేతులకి ఆ ఎత్తు తెలుసు. నైరీ వీపు తిప్పి అందులోకి వచ్చేసింది. ఆ వీపు గ్లెనిస్ వీపు కాదు, వెడల్పు, దాని మీద నీళ్ళు వేరేగా జారుతున్నాయి, అది కాదని చేతులకి తెలిసింది, చేతులకి తెలియాల్సింది అదే. రెండు రేకు కప్పుల్లో ఫ్లాస్కు టీ పోశాడు, ఒకటి ఆవిడకిచ్చాడు, రెండోది బెవన్‌కి. పోస్తూ చెప్పాడు. పొద్దున చెయ్యి అలవాటున రెండు పేర్లు రాసిందనీ, పిల్ల అడిగితే వేలు పైకి చూపించిందనీ, ఎవరూ పైకి చూపించమనలేదనీ.

"ఆగాగు," అన్నాడు బెవన్. "పుస్తకాల్లో జోకులు రాసే సెల్విన్‌వి నువ్వేనా? కలలూ ఎలకలూ?"

"నేనే."

"కింద ఎప్పుడూ ఆవిడ..." అని బెవన్ ఆగిపోయాడు. రేడియో విప్పి ఆయన చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు. ఆ పిల్ల హెలికాప్టరు లేపుతోంది. ఈ గాలికి పైకొస్తే వాళ్ళ ప్రాణం మీదికొస్తుంది."

మబ్బు అవతలి గట్టు దాటి దిగుతోంది. ఈ లోయలో ప్రతి హట్‌లోనూ, ప్రతి ముఠా దగ్గరా ఇదే రేడియో తెరిచి ఉంటుందని సెల్విన్‌కి తెలుసు. మీట నొక్కాడు.

"మెరియానా. నేను సెల్విన్ని."

"బాబాయ్! దొరికారా గ్లెనిస్ గారు?"

"దొరకలేదమ్మా. దొరకదు. పదకొండు నెలల కిందట చనిపోయింది. పుస్తకంలో నా చెయ్యి తప్పు రాసింది, జలపాతం దగ్గర నా వేలు అబద్ధం చెప్పింది. ఇప్పుడు నోరు నిజం చెబుతోంది. వింటున్నవాళ్ళందరూ వినండి. కొండ మీద ఎవరూ తప్పిపోలేదు. హెలికాప్టరు వద్దు. నన్ను క్షమించండి."

గరగర. మధ్యలో ఎవరో, ఏ హట్‌లోంచో, 'అయ్యో' అన్నారు.

"హెలికాప్టరు ఆపేశా," అంది మెరియానా, గొంతు చిన్నబోయి. తర్వాత, "మరి తాడు సంగతేంటి బాబాయ్?"

"తాడు మాత్రం నిజంగానే కార్లో ఉంది."

"ఏం తాడు?" అంది నైరీ. చెప్పాడు: ఆ పిల్ల తోడేదీ అని అరిచింది, నాకు తాడేదీ అని వినబడింది, నేనేమో పాతదైపోయింది, డిక్కీలో పడేశానన్నాను. నైరీకి టీ పొలమారింది. బెవన్ రాతి మీద కూలబడి భుజాలు కుదిపాడు. రేడియోలో ముందు ఒకరు, తర్వాత ఇంకొకరు, మూడు లోయల అవతల ఎవరో కూడా, ఆపుకోలేక నవ్వారు. సెల్విన్ నవ్వలేదు. నవ్వకపోవడం ఇవాళ ఆయన వంతయింది.

"పుస్తకం నా ముందే ఉంది బాబాయ్," అంది మెరియానా. "ఎంతమంది అన్నచోట రెండు కొట్టేసి ఒకటి వెయ్యనా?"

"వెయ్యి."

"పేరు?"

"పేరు నేనొచ్చి కొట్టేస్తా. నువ్వు గీస్తే గీత వంకర పోతుంది."

"సరే. ఇంకోటి బాబాయ్. మీ జోకు కింద ఒక వరస ఖాళీగా ఉంది. పేజీ నిండా అందరూ ఇరికించి రాశారు, మీరొక్కరే వదిలారు. అందులో ఏమైనా రాయాలా?"

సరస్సు మీద గాలి మొదటి ముడత వేసింది. సెల్విన్ మీట నొక్కాడు.

"రాయాలి. 'ఈయన మాటలు నమ్మకండి' అని రాయి."

"కింద ఎవరి పేరు పెట్టను?"

"నాదే పెట్టు తల్లీ," అన్నాడు.